చెవికి క్లిప్ పెడితే గుండె దడ తగ్గుతుందా?

చెవికి పెట్టుకునే వేగస్ నర్వ్ స్టిమ్యులేటర్లు ఆన్‌లైన్‌లో బాగానే అమ్ముతున్నారు. కాన్సెప్ట్ ఫేక్ ఏమీ కాదు. బ్రెయిన్‌స్టెమ్ నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం కొమ్మ ఒకటి చెవి దాకా వస్తుంది. 2020లో వచ్చిన ట్రీట్ ఏఎఫ్ ట్రయల్‌లో ఉన్నది 53 మంది. అందులో సగం మందికి రోజుకి గంట చొప్పున 6 నెలలు చెవి దగ్గర సన్నటి కరెంట్ ఇచ్చారు. మిగతా వాళ్లతో పోలిస్తే వీళ్లలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ 85% తక్కువ.

కానీ అది చిన్న ట్రయల్, డాక్టర్లు సెట్ చేసిన డోసు. అదే నరాన్ని గట్టిగా కదిపితే ఫిబ్రిలేషన్ మొదలవ్వొచ్చని జంతు ప్రయోగాల్లో తేలింది. అలాంటి కంట్రోల్‌ని యాప్‌లో స్లైడర్‌గా మన చేతిలో పెట్టడం నాకైతే నచ్చలేదు.

నా వెర్డిక్ట్: స్ట్రెస్‌కని అమ్మే క్లిప్‌ని గుండె దడకి వాడొద్దు. వాచ్‌లో ఈసీజీ తేడాగా వస్తే ఆ పీడీఎఫ్ కార్డియాలజిస్ట్‌కి చూపించండి. స్ట్రోక్ రాకుండా ఇచ్చిన మందు మాత్రం క్లిప్‌ని నమ్ముకుని ఆపకండి.