ఆట నేర్పబోవువారికి

బీద దేశములకు పోయి బాలురకు ఆటలు నేర్పవలెనను ఉత్సాహము ధనిక దేశముల యువకులలో కానవచ్చుచున్నది. విదేశములందు పెరిగిన తెలుగు యువకులలోను సెలవు దినములలో ఆఫ్రికాకో, తమ తాతల గ్రామమునకో పోయి రెండు వారములు ఆట నేర్పి మరలువారు కలరు. ఈ ఉత్సాహమును మేము నిరసింపము. కాని ఆ రెండు వారముల మేలు పోయినవారికా, బాలురకా అని యడుగక తప్పదు.

కెన్యాలో ఇటెన్ అను చిన్న ఊరు కలదు. అది సముద్రమట్టమునకు సుమారు 8,000 అడుగుల ఎత్తున నున్నది. 1976వ సంవత్సరమున కోల్మ్ ఓకానెల్ అను ఐర్లండు క్రైస్తవ సన్యాసి అచ్చటి సెయింట్ పాట్రిక్స్ పాఠశాలలో భూగోళము చెప్పుటకు వచ్చెను. పరుగుపందెముల శాస్త్రము ఆయన ఎరుగడు. పరుగు నేర్పుచుండిన ఆంగ్లేయుడు స్వదేశమునకు మరలగా ఆ భారము ఈయనపై బడెను. గురువునను అహంకారము మాని, బాలురు పరుగెత్తు తీరును పరికించి, వారివలననే విద్య నేర్చెను. నాలుగు దశాబ్దములకు మించి అచ్చటనే నిలిచెను. ఆ పాఠశాల విద్యార్థి పీటర్ రోనో 1988 సియోల్ ఒలింపిక్సున 1,500 మీటర్ల స్వర్ణపతకము గెల్చెను. ఓకానెల్ శిష్యుడు డేవిడ్ రుడీషా 2012లో లండనునందు 800 మీటర్లను 1 నిమిషము 40.91 సెకండ్లలో ముగించి, తన రికార్డును తానే మించెను.

ఆయన వచ్చినది 1976. రోనో గెలిచినది 1988. నడుమ పండ్రెండేండ్లు. మామిడిటెంక పాతి పక్షము దినములకే పండ్లకై చూచు రైతు ఎచ్చటనైన కలడా?

నైరోబి నగరమున మథారె అను పేదల పేటలో కెనడా దేశీయుడు బాబ్ మన్రో 1987లో బాలుర ఫుట్‌బాల్ సంఘమును నెలకొల్పెను. వీధులలోని చెత్త నెత్తివేసిన జట్టునకు పందెముల పట్టికలో అంకములు కలిపిరి. సంఘ వ్యవహారములను ఆ పేట యువకులే నడుపుకొనునట్లు ఏర్పాటు చేసిరి. అందుండి పుట్టిన మథారె యునైటెడ్ జట్టు 2008లో కెన్యా జాతీయ లీగును గెల్చెను. తాను లేకున్నను సాగునట్లు చేయుటయే సేవ.

అందరును జీవితమును ధారపోయజాలరందురా? నిజమే; అంత మేమును కోరము. పోవువారు ఒక విద్యాసంవత్సరమైనను నిలువవలెను. మొదటి నెల నేర్పుటకంటె చూచుటకు వినియోగింపవలెను. ఆ ఊరి ఉపాధ్యాయు నొకనిని ప్రక్కన నిల్పుకొని విద్యను అతనికి అప్పగించి రావలెను. అంతకాలము నిలువజాలనివారు తమ ప్రయాణవ్యయమును అచ్చటి గురువునకు పంపుట మేలు.

పిలుచువారికిని ధర్మము కలదు. వచ్చిన అతిథికి పూలదండ వేసి ఛాయాచిత్రము తీయించుకొనుటతో మన పని తీరదు. భూస్వాములు బడి ప్రక్కన ఒక ఎకరము మైదానమిండు. పట్టణవాసులు స్థానిక వ్యాయామోపాధ్యాయునకు జీతమేర్పరచుడు. మన నేల గురువులను కననిది కాదు. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు గెల్చెను.

అతిథి వెళ్లిన మరునాటి సాయంకాలము పిల్లలు మైదానమునకు వచ్చిరా? వారికొరకు ఈల చేతబట్టి నిలిచినవా డొకడుండెనా? సేవకు పరీక్ష అదియే.