పేడ ఉడకబెట్టే పెద్దలకు

మొన్న ఒక సదస్సులో ఒక నిపుణులవారు సెలవిచ్చారు: పచ్చిపేడను ఉన్నదున్నట్టు గోబర్ గ్యాస్ ప్లాంటులో పోయడం రాతియుగపు పద్ధతట. ముందు ఉడకబెట్టాలట, లేదా కాస్టిక్ సోడాలో నానబెట్టాలట, కాదంటే అల్ట్రాసౌండ్‌తో పీచును చిదగ్గొట్టాలట. ఈమధ్య ఎక్కడికెళ్లినా ఇదే పాట. తెరమీద గ్యాసు పెరిగిన శాతాలు, కింద చప్పట్లు, ఆ తర్వాత బిర్యానీ.

ఆ శాతాలు గాజుసీసాల్లో పుట్టినవి. సీసాను వేడిచేసిన కరెంటు ఖర్చు గ్రాఫులో కనబడదు. ఇంటి లెక్క చూడండి. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అన్నే నీళ్లు. ఆ 100 కిలోలను 30 డిగ్రీల నుంచి 90కి తేవాలంటే సుమారు 25 మెగాజౌల్స్ వేడి కావాలి. రోజంతా వచ్చే గ్యాసులో ఉన్నదే 40 చిల్లర. పొయ్యిమీద దాదాపు సగం వేడి గాలికి పోతుంది. అంటే ఇవాళ్టి గ్యాసంతా రేపటి పేడ ఉడకబెట్టడానికే చాలీచాలదు, ఇల్లాలు మాత్రం కట్టెలు ఊదుకుంటూ కూర్చోవాలి! గ్యాసు పావువంతు పెరిగిందనే అనుకుందాం, మిగిలేదెంత? ఉడికిన పేడలోని వేడిని గొట్టాలతో తిరిగి పట్టుకోవచ్చంటారు. పట్టండి. పేడ పట్టిన ఆ గొట్టాలు పల్లెలో ఎవరు కడుగుతారో కూడా చెప్పండి.

ఇక సోడా. అందులోని సోడియం ఎక్కడికీ పోదు, స్లర్రీతోపాటు చేలోకే చేరుతుంది. చౌడు విరగడానికి జిప్సం చల్లుకునే రైతుకు ఎంత గొప్ప సలహా!

అసలు ఊళ్లలో ప్లాంట్లు పడుకున్నది పీచు అరక్క కాదు. ట్రాక్టరొచ్చి ఎడ్లు పోయాయి, కొట్టాలు ఖాళీ అయ్యాయి. ఉన్నచోట మట్టినేల మీంచి ఎత్తిన పేడతో ఇసుక లోపలికెళ్లి అడుగున పేరుకుంది, గడ్డిపరకలు పైకి తేలి అట్టకట్టాయి. దీనికి అల్ట్రాసౌండ్ ఏం చేస్తుంది? కలిపే తొట్టిలో చెయ్యిపెట్టి పరకలు ఏరాలి, ఉండలు చిదపాలి, ఇసుక దిగేదాకా ఆగి అప్పుడు బిరడా తియ్యాలి. తొట్టి అడుగును పైపుకు ఎదురుదిక్కున వాలుగా కట్టేది అందుకే. ఈ సంగతి ఏ ప్రొజెక్టర్ మీదా కనబడదు, అమ్మడానికి అందులో యంత్రం లేదు మరి.

కోళ్లపెంట కథ వేరు. నత్రజని ఎక్కువై, అమోనియా ముదిరి గ్యాసు పడిపోతుంది. అయినా దానికి మందు ఉడకబెట్టడం కాదు, పేడో గడ్డో కలపడం.

అయ్యా, సబ్సిడీ ఇవ్వాలని అంత ఉబలాటంగా ఉంటే ముందు కొట్టాల్లో సిమెంటు గచ్చు వేయించండి.