అంబులెన్స్ కొన్నాం, డీజిల్ ఎవరు పోస్తారు?

రమజాన్ మాసంలో మన పట్టణాల్లో దానగుణం ఉప్పొంగుతుంది. అంబులెన్స్ కొనాలని చిన్న సేవాసంస్థ ఏదైనా పిలుపునిస్తే సొమ్ము త్వరగానే సమకూరుతుంది. దాతల పేర్లతో వాహనం మసీదు ముంగిట నిలుస్తుంది. ఏడాది తిరిగేసరికి బీమా కట్టలేక, టైర్లు మార్చలేక అదే వాహనం షెడ్డుకు చేరుతుంది. ఈ దుస్థితికి మనమందరం బాధ్యులమే.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ అత్యవసర సమయాల్లో ఎందరికో ప్రాణాధారమైంది. కానీ డయాలసిస్‌కు వారానికి రెండు మూడు మార్లు వెళ్లవలసిన పేదకు, ఆసుపత్రి నుంచి పడకమీదే ఇల్లు చేరవలసిన వృద్ధురాలికి తరచుగా ఇటువంటి చిన్న సంస్థల వాహనమే దిక్కు. అది ఆగిపోతే అప్పుచేసి ప్రైవేటు వాహనం మాట్లాడుకోవలసిందే.

ఇక్కడ జకాత్ విషయంలో జాగ్రత్త అవసరం. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుని యాజమాన్యంలోకి చేరాలి. కనుక డ్రైవరు జీతాన్ని, డీజిల్ ఖర్చును సదఖా, చందాల నుంచే భరించాలి. రెండు నిధులకూ వేర్వేరు ఖాతాలు ఉండితీరాలి. 200 కుటుంబాలు నెలకు 100 రూపాయల చొప్పున ఇస్తే 20,000 రూపాయల స్థిరాదాయం ఏర్పడుతుంది. అసలును కదపకుండా రాబడిని సత్కార్యానికి వెచ్చించడం వక్ఫ్ మూలసూత్రం. స్తోమతగల దాత మరో వాహనానికి బదులు ఒక దుకాణం అద్దెను ఈ సేవకు అంకితం చేస్తే అది సదఖయె జారియా కాదా?

80జీగా మనకు తెలిసిన పన్ను మినహాయింపు ఒకే మతస్థుల మేలుకై ఏర్పడిన ట్రస్టుకు వర్తించదు. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికీ వర్తించదు. ఆపదలో ఉన్నవారి మతం అడగని సేవనే మన ధర్మమూ కోరుతుంది. కాబట్టి ట్రస్టు పత్రంలోనే ఆ మాట స్పష్టంగా రాయించాలి.

అప్పు వ్యవహారాలను రాసిపెట్టుకోమని ఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయత్‌లో ఆదేశించింది. ప్రజల సొమ్ముకు లెక్క రాయడం అంతకన్నా తక్కువ బాధ్యతేమీ కాదు. జమాఖర్చుల పట్టికను ప్రతినెలా మసీదు నోటీసు బోర్డుపై ఉంచాలని నిర్వాహకులను కోరుతున్నాం. పాఠకులకు మా విన్నపం ఒక్కటే: కొత్త వాహనానికి చందా ఇచ్చేముందు, పాత వాహనం ఈ రోజు నడుస్తోందో లేదో అడగండి.