పప్పు ఏడింటికే ఎందుకు ఉడకాలి?

ఈఈఈ చదువుతున్నామంటే చాలు, చుట్టాలందరి దృష్టిలో మనం ఎలక్ట్రీషియన్లమే. పిన్ని వాళ్ళింట్లో ఫ్యాన్ తిరక్కపోయినా ఫోన్ నాకే వస్తుంది. కానీ మొన్న సెమిస్టర్ సెలవుల్లో మా అక్క అడిగిన ప్రశ్న మాత్రం మన సిలబస్‌లో ఏ యూనిట్‌లోనూ లేదు. అక్కా బావా ఇంగ్లండులో, రెడింగ్‌లో ఉంటారు. ఇంటి కప్పు మీద 4 కిలోవాట్ల సోలార్ ఉంది, మెట్ల కింద 5 యూనిట్ల బ్యాటరీ ఉంది. "ఒరేయ్, వీటికి ఏ టారిఫ్ తీసుకోమంటావు?" అంది.

ముందు ఆ ప్రశ్నే నాకు వింతగా అనిపించింది. మన దగ్గర కరెంటు ఎవరి దగ్గర కొనాలో, ఏ రేటుకు కొనాలో ఎంచుకునే పనే లేదు కదా. ఊరిని బట్టి డిస్కం, వాడకాన్ని బట్టి శ్లాబు. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 టారిఫ్ చూస్తే ఇళ్ళకు మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలు, 400 దాటాక 9 రూపాయల 75 పైసలు. అంటే మన బిల్లు ఎంత వాడావని అడుగుతుంది గానీ ఎప్పుడు వాడావని అడగదు.

బ్రిటన్‌లో ఎప్పుడు అన్న ప్రశ్న పాతదే. 1978లోనే 'ఎకానమీ 7' అని ఒక పద్ధతి పెట్టారు. రాత్రిపూట జనం పడుకున్నా పెద్ద పెద్ద కేంద్రాలను ఆపడం కుదరదు కాబట్టి, రాత్రి ఏడు గంటలపాటు కరెంటు చవగ్గా ఇచ్చేవాళ్ళు. ఆ చవక కరెంటుతో ఇంట్లో హీటరు లోపలి ఇటుకల్ని ఎర్రగా కాల్చి పెట్టుకుంటే పగలంతా వెచ్చదనం. ఒక రకంగా అదీ బ్యాటరీయే, ఇటుకల బ్యాటరీ. ఇప్పుడు స్మార్ట్ మీటరు రోజును 48 అరగంటలుగా కోసి కొలుస్తుంది. కొన్ని టారిఫ్‌లలో రాత్రి కొన్ని గంటలు మాత్రమే చవక, కొన్నిటిలో అరగంటకో రేటు. దాదాపు అన్నిట్లోనూ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మంట.

అక్క అప్పటికే అరగంటకో రేటు మారే టారిఫ్ మీద ఉంది. రోజూ సాయంత్రం నాలుగింటికల్లా మర్నాటి రేట్లు యాప్‌లో వస్తాయి. మన ఇళ్ళలో పొద్దున్నే పంచాంగం చూసినట్టు ఆవిడ అది చూసి, వాషింగ్ మెషీన్‌కీ ఓవెన్‌కీ ముహూర్తాలు పెట్టేది. గాలి బాగా వీచిన రాత్రుల్లో రేటు సున్నా కిందకు కూడా పోతుంది, అంటే కరెంటు వాడుకున్నందుకు వాళ్ళే ఎదురు డబ్బులిస్తారు. ఆ రోజున బావ ఆనందం చూడాలి. అయితే ఐదేళ్ళ మా మేనల్లుడికి ఈ సంగతులేవీ తెలియవు కదా. బడి నుంచి మూడున్నరకు వచ్చి, ఐదున్నరకల్లా ఆకలంటాడు. "ఏడు దాటాక పప్పు పెడతా, అప్పటిదాకా బిస్కెట్ తిను" అని చెప్పడం అక్కకు అలవాటైపోయింది.

సరే, కూర్చుని లెక్కేశాను. రేట్లు మారుతూనే ఉంటాయి కాబట్టి లెక్క కోసం కొన్ని అంకెలు అనుకున్నాను. రాత్రి రేటు 9 పెన్స్, మిగతా వేళ 27 పెన్స్, మనం గ్రిడ్‌కి అమ్మితే 15 పెన్స్. బ్యాటరీలోకి పెట్టిన పది యూనిట్లలో తొమ్మిది తిరిగి వస్తాయనుకుందాం.

ఇక్కడే బావకీ నాకూ పేచీ వచ్చింది. "మన ఎండ, మన కరెంటు. అది మన బ్యాటరీలోకే పోవాలి. సాయంత్రం మనమే వాడుకోవాలి. ఎవడికో ఎందుకు అమ్మాలి?" అంటారాయన. పెరట్లో కాసిన కూరగాయలు ఇంట్లోనే వండుకోవాలన్నట్టు వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ లెక్క ఒప్పుకోదు. ఎండ కరెంటుతో బ్యాటరీ నింపితే, అమ్ముకోగలిగిన 15 పెన్స్ వదులుకున్నట్టు. నష్టం కూడా కలిపితే బ్యాటరీలోంచి వచ్చే ఒక్కో యూనిట్ దాదాపు 17 పెన్స్ పడుతుంది. అదే రాత్రి గ్రిడ్ కరెంటుతో నింపితే 10 పెన్సే. కాబట్టి రాత్రి కొని నింపుకోవాలి, పగటి ఎండలో ఇంటికి పోగా మిగిలింది అమ్ముకోవాలి. బావ ఈ ముక్క ఒప్పుకోడానికి మూడు వీడియో కాల్స్ పట్టాయి.

ఇంకో సంగతి. అదే 5 యూనిట్ల బ్యాటరీ రోజంతా ఒకే 27 పెన్స్ రేటున్న ఇంట్లో ఉందనుకోండి. ఎండ బాగా ఉన్న 220 రోజులు నిండినా ఏడాదికి మిగిలేది 110 పౌండ్లకు అటూ ఇటూ. రాత్రి చవక టారిఫ్ ఉంటే చలికాలంలో కూడా రోజూ నిండుతుంది, అప్పుడు 310 పౌండ్ల దాకా మిగులుతుంది. బ్యాటరీకి 3,000 పౌండ్లు పెట్టి ఉంటే, పదేళ్ళ వారంటీ అయిపోయే వేళకు అసలు చేతికొస్తుంది! ఇది కూడా కాస్త ఉదారమైన లెక్కే. రాత్రి తగ్గించినవాడు పగటి రేటు కొంచెం పెంచడం మామూలే. పైగా చిన్న ఇన్వర్టరు ఒకేసారి ఇవ్వగలిగే పవర్ తక్కువ. అక్కడి కెటిలే 3 కిలోవాట్లు లాగుతుంది. టీ నీళ్ళూ ఇండక్షన్ పొయ్యీ ఒకేసారి పెడితే, బ్యాటరీ నిండుగా ఉన్నా మిగతాది ఖరీదైన గ్రిడ్ నుంచే వస్తుంది. అందుకే నేననేది, టారిఫ్ తేల్చుకోకుండా బ్యాటరీ కొనకూడదు. జనం మాత్రం సరిగ్గా తిరగేసి చేస్తున్నారు. ముందు సేల్స్‌మన్ వస్తాడు, తర్వాత టారిఫ్ వెతుక్కుంటారు.

అమ్మే రేటును కూడా వేరుగా చూసుకోవాలి. 2020 జనవరి నుంచి పెద్ద కంపెనీలన్నీ ఇళ్ళ నుంచి కరెంటు కొనాలని అక్కడ నిబంధన ఉంది. కానీ ఎంతకు కొనాలో అందులో లేదు, సున్నా కంటే ఎక్కువైతే చాలు. రాత్రి రేటు చూసి మురిసిపోయి అమ్మే రేటు చూడకపోతే పైన వేసిన లెక్కంతా తారుమారు.

ఇంతకీ అక్కకి నేను చెప్పింది, రెండే రేట్లున్న టారిఫ్ తీసుకోమని. అరగంటల టారిఫ్‌ని కనిపెట్టుకుని ఉంటే ఏడాదికి ఇంకో యాభై, వంద పౌండ్లు మిగులుతాయేమో, కాదనను. కానీ ఆ కనిపెట్టుకుని ఉండేది ఎవరు? యాప్ బావ ఫోన్‌లో కూడా ఉంది. బట్టలు ఎప్పుడు వేయాలి, పప్పు ఎప్పుడు పెట్టాలి అని చూసేది మాత్రం అక్క. లోడ్ షిఫ్టింగ్ అని పుస్తకంలో రెండు మాటల్లో రాస్తారు గానీ, ఇంట్లో షిఫ్ట్ అయ్యేది ఆడవాళ్ళ పని. అన్ని వేల పౌండ్లు పోసి బ్యాటరీ కొన్నది మన వేళల్లో మనం బతకడానికే కదా. రాత్రి దానంతటది నిండి, సాయంత్రం దానంతటది ఖాళీ అయ్యే టారిఫ్ అయితే చాలు.

ఇది చదివి, మనకెందుకీ ఇంగ్లండు గొడవ అనుకోకండి. 2023 జూన్‌లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల నిబంధనలు సవరించింది. స్మార్ట్ మీటరున్న ఇళ్ళకు ఎండ ఉండే గంటల్లో రేటు కనీసం 20 శాతం తగ్గాలి, పీక్ గంటల్లో కనీసం 10 శాతం పెరగాలి అన్నది అందులోని మాట. అది మన గుమ్మం దాకా వస్తే, సాయంత్రం ఆరింటికి గ్రైండరు వేసే అమ్మకు కూడా ఎవరో ఒకరు ముహూర్తం చెప్తారు.

మా నాన్న పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు పెట్టిద్దామనుకుంటున్నారు, 78,000 సబ్సిడీ వస్తుందని. బ్యాటరీ కూడా పెట్టిద్దామా అని అడిగారు. వద్దన్నాను. నెట్ మీటరింగ్‌లో మధ్యాహ్నం మనమిచ్చిన యూనిట్‌కి బదులు రాత్రి యూనిట్ తీసుకుంటాం, అంటే గ్రిడ్డే మనకు ఫ్రీ బ్యాటరీ. "మరి కరెంటు పోతే సోలార్ పనిచేస్తుందిగా?" అన్నారు. చెయ్యదు నాన్నా, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు తనే ఆగిపోతుంది అన్నాను. ఆయన ముఖం చూడాలి అప్పుడు. "ఇంత ఎండ పెట్టుకుని ఫ్యాన్ తిరగదా?" అంటూ లేచి వెళ్ళిపోయారు. మర్నాడు హైబ్రిడ్ ఇన్వర్టరు రేటు ఎంతో కనుక్కోమన్నారు. దాని మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది.