తక్కువ తిరిగిందని మురిసిపోకండి
బేస్తవారిపేటలో పాత ఆల్టో బేరానికొస్తే అందరూ ముందు మీటరే చూస్తారు. 12 ఏళ్ల బండి 25 వేల కిలోమీటర్లే తిరిగిందంటే చాలు, బయానా ఇచ్చేస్తారు. నేను మాత్రం వంగి టైరు పక్కన చూడమంటాను. అక్కడున్న నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతివి సంవత్సరం. ‘1413’ అంటే 2013 టైరు. అరగకపోయినా రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది, మన ఎండలకు మరీను. ఆ టైర్లతో పిల్లల్ని ఎక్కించుకుని గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో నంద్యాల వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. కదలని బండిలో బ్యాటరీ, బ్రేక్ ఆయిల్, గొట్టాలూ పాడవుతాయి. పైగా మీటరు వెనక్కి తిప్పేవాళ్లున్నారు. సర్వీసు కాగితాలుండి 70 వేల కిలోమీటర్లు తిరిగిన బండే నాకు నమ్మకం. ఆర్సీ గడువు 15 ఏళ్లే, ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. కొత్త టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమని మొహమాటం లేకుండా అడగండి.