కంచెలోని అడ్డసరము



పొలముల గట్లమీదను, దొడ్ల చుట్టును పెరుగు అడ్డసరపు పొదను చూడనివారు మనలో అరుదు. బల్లెపు మొనవంటి ఆకులు, తెల్లని పూలు, ఘాటైన వాసన దీని గురుతులు. మేక ముట్టదు, పశువు నోట పెట్టదు. అందుచేతనే పూర్వులు దీనిని కంచెకు నాటిరి. వానకాలమున కొమ్మ విరిచి గ్రుచ్చిన చాలును, బ్రతుకును. ఆకును వరిమడిలో త్రొక్కి ఎరువుగా వాడు ఆచారమును కలదు. ఇట్లు సేద్యమున కుపకరించు మొక్కయే ఇంటిలో దగ్గుమందును అయినది.

సంస్కృతమున దీనికి వాస, వాసక, ఆటరూషము అని పేళ్లు. దగ్గునకును, ఉబ్బసమునకును, రక్తపిత్తమునకును ఇది మంచి మందని ఆయుర్వేదము చెప్పుచున్నది. మన ముసలమ్మలు ఆకును సెగన వాడ్చి, రసము పిండి, అల్లపురసమును తేనెను కలిపి యిచ్చెదరు. వెచ్చజేసిన ఆకును వాచిన కీళ్లకు కట్టుటయు కలదు. ఇది వట్టి నమ్మకము కాదు. ఈ ఆకులో వాసిసిన్ అను సారము గలదనియు, అది ఊపిరిగొట్టములను వదులు చేయుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తెమడను పలుచ చేయుటకు నేటి వైద్యులిచ్చు బ్రోమ్‌హెక్సిన్ అను మందు ఆ సారమును ఆధారముగా గొనియే పుట్టినది.

మొక్క మంచిదే. కాని పెద్దల యెరుక సగము నిలిచి సగము పోయినయెడల మేలుకంటె కీడే యెక్కువ యగునని నా అభిప్రాయము. నేను సేద్యపు పద్ధతులు చూపుటకై తిరుగు గ్రామములలో నొకదానియందు ఒక రైతు నాలుగు నెలలు దగ్గుచు ఈ కషాయమునే త్రాగెను. తెమడలో నెత్తుటిజీర కానవచ్చినను, నెత్తురు కట్టుటకు అడ్డసరమును మించినది లేదని ఇరుగుపొరుగువారు ధైర్యము చెప్పిరి. తుదకు పరీక్ష చేయింపగా క్షయ యని తేలినది. ఆతడు మందులు మింగి కోలుకొనెను గాని, అప్పటికే అతని కూతునకును ఆ జాడ్యము సోకియుండెను. తప్పు అడ్డసరముది కాదు. దానికి మించిన పనిని దాని కప్పగించిన మనది.

క్షయ సూక్ష్మజీవివలన కలుగునని కాక్ పండితుడు 1882లో వెల్లడించెను. ఆకురసము తెమడను పలుచచేయవచ్చును. అంతమాత్రమున క్షయ కుదురునని నమ్మి కూర్చుండరాదు. రెండు వారములు దాటిన దగ్గునకు తెమడ పరీక్ష చేయింపవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఆ పరీక్షయు, క్షయ మందులును ఉచితము. నెత్తురు పడినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు.

మరియొక మాట. ఈ యాకునకు గర్భసంచిని ముడుచుకొనజేయు గుణము కలదు. కావున గర్భవతులకు దీనిని ఎంతమాత్రము ఈయరాదు. ఏడాది నిండని బిడ్డలకు తేనె కలిపిన మందేదియు పనికిరాదు.

ఆకుమందులన్నియు మూఢాచారములని కొందరు కంచెలు నరికించుచున్నారు. ఆకుమందే చాలునని కొందరు వైద్యశాల గడప త్రొక్కకున్నారు. ఈ ఇరువురి మార్గమును నాకు సమ్మతము కాదు. మొలక చూడక విత్తనము చల్లని మనము, రోగమేదో తెలియక మందు త్రాగనేల?

కనుక సంఘమువారికి నా మనవి రెండే. ఈ వానలకు ప్రతి సభ్యుడును తన గట్టున పది అడ్డసరపు కొమ్మలు నాటవలయును. సంఘభవనపు గోడమీద, రెండు వారముల దగ్గునకు పరీక్ష తప్పదని అందరికి కనబడునట్లు వ్రాయింపవలయును. కొమ్మకు ఖర్చు లేదు, వ్రాతకు ఖర్చు స్వల్పము. ఒక్క ఇల్లాలి ఊపిరి నిలిచినను ఆ ఖర్చు వడ్డీతో తీరినట్లే.