వందలమంది పడితే వార్త, ఒక్క పిల్ల పడితే ఖర్మా?



2020 డిసెంబరు గుర్తుందా? ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఆరొందల మందికి పైగా. ముఖ్యమంత్రి వచ్చారు, ఎయిమ్స్ వచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ వచ్చింది. నీళ్లు, రక్తం, కూరగాయలు పరీక్షకెళ్లాయి. రావాల్సిందే, కాదనను.

మా పేటలో ఒక పిల్ల ఏళ్ల తరబడి రోజూ పడిపోతుంటే ఎవరొస్తున్నారు? చేతిలో తాళాలు పెట్టేవాళ్లు, తాయెత్తు కట్టేవాళ్లు. అంతే.

కొన్ని ఫిట్స్‌కి మూలం వేరు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మెదడు మీద పడి వాపు తెస్తుంది. త్వరగా గుర్తించి స్టెరాయిడ్లలాంటి మందులిస్తే చాలామంది కోలుకుంటారు. కొందరికి ఫిట్స్ ఆగవు. రాస్ముస్సెన్ ఎన్‌సెఫలైటిస్ అనే అరుదైన జబ్బయితే ఎక్కువగా పిల్లలకే వస్తుంది. మెదడులో ఒక సగం క్రమంగా పాడవుతుంది. ఆ ఫిట్స్ ఆపడానికి ఉన్న గట్టి దారి, ఆ సగాన్ని బాగున్న సగం నుంచి విడదీసే ఆపరేషన్. ఊరికే రాదది. ఒక పక్క చేతి పట్టు, చూపులో సగం పోతాయి. అయినా చాలామంది పిల్లలు మళ్లీ నడుస్తారు. చిన్న వయసులో చేస్తే మాటను మిగిలిన సగం నేర్చుకునే వీలు ఎక్కువ. ఆలస్యం చేసేకొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది.

సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే అది మందులకు లొంగని మూర్ఛ. అంతర్జాతీయ నిపుణులు 2010లోనే చెప్పిన మాట. అప్పుడు ఆపరేషన్ పనికొస్తుందో లేదో చూడాలి. తిరువనంతపురం శ్రీచిత్రలో 1995 నుంచే మూర్ఛకు ఆపరేషన్లు చేస్తున్నారు. వైద్యం ఉంది. తాడేపల్లిగూడెం పక్క పేట నుంచి, కొల్లేటి లంక నుంచి అక్కడిదాకా దారే లేదు. చేపల చెరువు గట్టు మీద మేత వేసే కూలీకి ఒక్క ఫిట్ చాలు, నీళ్లలో పడి ప్రాణం పోవడానికి.

ఏలూరుకి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ వారానికో రోజు మూర్ఛకే ఓపీ పెట్టండి. రెండు మందులు పనిచేయని ప్రతి రోగినీ రాతపూర్వకంగా పై ఆస్పత్రికి పంపండి. తోడెళ్లే తల్లికి ఛార్జీలతో పాటు పోయిన కూలి కూడా కట్టండి.

మిత్రులారా, మీ పేటలో ఇలాంటి బిడ్డ ఉంటే ఆ ఇంటికెళ్లి అడగండి: ఎన్నేళ్లయింది? ఎన్ని మందులు మార్చారు? వాడుతున్న మందు మాత్రం ఆపొద్దని చెప్పండి. రెండు దాటితే, ఆ తల్లితో పాటు మనమూ ఆస్పత్రికెళ్దాం.